పట్టికకు ఎక్కని 153

క్రికెట్టు చరిత్రలో అత్యుత్తమమైన బ్యాటింగు ఇన్నింగ్సు ఏది? గద్వాలలోగాని, వనపర్తిలోగాని, నాగర్‌కర్నూలులోగాని నలుగురు విద్యార్థులు చేరినచోట ఈ ప్రశ్న వేస్తే జవాబు కోసం ఆగనక్కరలేదు. కలకత్తా, 2001 మార్చి, లక్ష్మణ్, 281. హైదరాబాదువాడు, తెలుగువాడు, పైగా ఓడిపోయిన ఆటను గెలిపించినవాడు, ఇక వాదమెందుకంటారు. ఆ గుంపులోనే మన అభ్యుదయ మిత్రుడొకడు ఉంటే మాత్రం ఇంకో జవాబు వినిపిస్తుంది. అది దొరల ఆట, నేడు వ్యాపారుల ఆట, దానిలో అత్యుత్తమం అధమం అంటూ మనకెందుకు, వేరే పనులు లేవా అంటాడు.

ఈ రెండు జవాబులూ తప్పే. పైకి ఎదురెదురుగా కనిపించినా రెండింటి వేరూ ఒకటే. మొదటివాడు ఆటను చరిత్ర నుంచి ఊడబెరికి పరుగుల లెక్కగా చూస్తాడు. రెండోవాడు చరిత్ర పేరు చెప్పి ఆటవంక చూడనే చూడడు. ఆడినవాడెవడు, ఎవడి మైదానంలో ఆడాడు, ఎవడు లెక్క రాశాడు అని ఇద్దరూ అడగరు.

ముందు మనవాళ్ళ సంగతి తేల్చుకుందాం. క్రికెట్టును తెల్లవాళ్ళు తెచ్చారన్నది నిజమే. రైలునూ వాళ్ళే తెచ్చారు, అందుకని గద్వాల స్టేషనులో మనం బండి ఎక్కడం మానలేదు. పాలకులు తెచ్చిన ప్రతి వస్తువునూ పాలితుడు తన చేతిలోకి తీసుకుని దాని అర్థం మార్చిన సందర్భాలు చరిత్రలో కొల్లలు. 1938లో హైతీ బానిసల తిరుగుబాటు మీద ‘బ్లాక్ జాకోబిన్స్’ రాసిన ట్రినిడాడ్ మార్క్సిస్టు సి.ఎల్.ఆర్. జేమ్సే 1963లో క్రికెట్టు మీద ‘బియాండ్ ఎ బౌండరీ’ రాశాడు. ఆయనకు వేరే పనులు లేకనా? నల్లవాడు బంతి వేయవచ్చు, బ్యాటు పట్టవచ్చు, కాని జట్టును నడిపే బుద్ధి తెల్లవాడిదేనన్న నమ్మకం వెస్టిండీసులో రాజ్యమేలుతున్న కాలంలో, ‘నేషన్’ పత్రిక సంపాదకుడుగా ఆయన ఫ్రాంక్ వొరెల్‌ను నాయకుణ్ణి చెయ్యాలని పట్టుబట్టి ఉద్యమం నడిపాడు. 1960–61 ఆస్ట్రేలియా పర్యటనకు వొరెల్ నాయకుడయ్యాడు. ఒక పర్యటన పొడుగునా ఆ జట్టును నడిపిన మొదటి నల్లజాతివాడు అతడే. స్వపరిపాలన అడుగుతున్న ద్వీపాలలో అది చిన్న సంగతి కాదు. కాబట్టి, మిత్రులారా, కూలి రేట్ల మీద వ్యాసం రాసిన కలంతోనే క్రికెట్టు మీదా రాయవచ్చు, కలం మైలపడదు.

ఇక 281. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జరిగినది జరిగినట్టు చూద్దాం. స్టీవ్ వా నాయకత్వంలోని ఆస్ట్రేలియా అప్పటికి వరుసగా 16 టెస్టులు గెలిచి ఉంది. ఈడెన్ గార్డెన్స్‌లో మొదట ఆడి 445 చేసింది. మనవాళ్ళు 171కే కుప్పగూలారు. అందులో 59 లక్ష్మణ్‌వి, చివర అవుటయినదీ అతడే. 274 పరుగుల వెనుకబాటుతో ఫాలోఆన్. ఆరో స్థానంలో ఆడినవాణ్ణి ఈసారి మూడో స్థానంలో పంపారు. మార్చి 14న, అంటే నాలుగో రోజున, నాలుగు వికెట్లకు 254 దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి అవే నాలుగు వికెట్లకు 589 దగ్గర ఆపారు. రోజంతా ఒక్క వికెట్టు పడలేదు. వార్న్ లెగ్‌స్టంపు బయట గరుకులో వేసిన బంతిని ముందుకు వచ్చి ఒకసారి ఆఫ్ వైపు, అదే బంతిని మరోసారి మిడ్‌వికెట్ వైపు కొట్టడం చూసినవాళ్ళు మరిచిపోరు. 631 నిమిషాలు, 452 బంతులు, 44 ఫోర్లు. సిక్సరు ఒక్కటీ లేదు. ఆ చివరి సంగతి మీద ఎవరూ ఆగరుగాని, నాకు అన్నిటికంటె నచ్చినది అదే. పదిన్నర గంటలపాటు బంతిని గాలిలోకి లేపాలన్న ఆబ లేనివాడు!

కాని ఆ ఇన్నింగ్సు ఒక్కడి గెలుపా? అవతలి కొసన ద్రావిడ్ 180 చేశాడు. ఇద్దరూ కలిసి 376. ఆఖరి రోజున ఆస్ట్రేలియా 212కు పడిపోవడానికి హర్భజన్ ఆరు వికెట్లు తీయవలసి వచ్చింది, ఆట మొత్తం మీద పదమూడు. తెండూల్కర్ చేతి నుంచి మూడు వికెట్లు వచ్చాయి. వీటిలో ఏది లేకున్నా 281 అనేది ‘పరువు నిలిపిన డ్రా’గానో, ‘వీరోచితమైన ఓటమి’గానో మిగిలి ఉండేది. వీరపూజకు అలవాటుపడిన బూర్జువా పత్రికలు సమష్టి శ్రమలో నుంచి ఒక్క తలను కోసి పీఠం మీద పెట్టడం కొత్త కాదు. లక్ష్మణ్ గొప్పతనం ఆ పీఠం మీద లేదు, ఆ భాగస్వామ్యంలో ఉంది.

తెలుగువాడు కాబట్టి గొప్ప అన్న వాదానికి ఒక్క ఉదాహరణ చాలు. 1994 రంజీ ఆటలో హైదరాబాదు జట్టు ఆంధ్ర జట్టు మీద ఆరు వికెట్లకు 944 చేసింది. అందులో ఎం.వి. శ్రీధర్ 366. అంకెలే గొప్పతనమైతే, తెలుగుతనమే గొప్పతనమైతే, తెలుగువాడు తెలుగువాళ్ళ మీద కొట్టిన ఆ 366 ముందు 281 నిలవకూడదు. దాన్ని ఎవరూ తలచుకోరు. తలచుకోకపోవడం సబబే. 1937–38 రంజీ ఫైనలులో నవానగర్ మీద 310 లక్ష్యాన్ని ఒకే ఒక్క వికెట్టు మిగిలి ఉండగా హైదరాబాదు చేరుకున్నప్పుడు, చివరిదాకా నిలిచిన ఐబరా చేసిన 137కు అంతకంటె బరువుంది. పార్సీ అయిన ఐబరా మన పట్టికల్లోకి ఎందుకు రాడో ‘మనవాడు’ వాదులు చెప్పాలి.

పట్టికల మాట వచ్చింది. 2001 జూలైలో విజ్డెన్ సంస్థ తరఫున టెస్టు ఇన్నింగ్సులకు లెక్కలు గట్టి నూటికి ఒక వరుస ప్రకటించారు. మొదటి స్థానం బ్రాడ్మన్ 1937లో మెల్‌బోర్నులో చేసిన 270కి, రెండోది లారా 1999లో బ్రిడ్జిటౌనులో అజేయంగా చేసిన 153కి, ఆరోది మన 281కి. తెండూల్కర్ ఆడిన ఇన్నింగ్సు ఒక్కటీ నూటిలో లేకపోయేసరికి దేశంలో పెద్ద అల్లరి జరిగింది. అల్లరి చేసినవాళ్ళు మనవాడెందుకు లేడన్నారుగాని, ఈ త్రాసు ఎవరిదని అడగలేదు.

ఆ మొదటి స్థానం సంగతి కాస్త విప్పి చూడండి. వాన తడిపిన పిచ్చి మీద బంతి పాములా లేస్తుంటే, నాయకుడైన బ్రాడ్మన్ తన బ్యాటింగు వరుసను తలకిందులు చేశాడు. బ్యాటు పట్టడం అంతగా రాని ఓరైలీని, ఫ్లీట్‌వుడ్ స్మిత్‌ను ముందు పంపాడు. పిచ్చి ఆరేదాకా ఎదుర్కోవడం వాళ్ళ వంతు. అయిదు వికెట్లకు 97 దగ్గర తాను ఏడో స్థానంలో వచ్చి ఫింగిల్టన్‌తో కలిసి 346 జోడించాడు. అది తప్పుడు ఎత్తుగడ అని నేననను, తెలివైన ఎత్తుగడ. కాని బురదలోకి దిగినవాళ్ళ పేరు పట్టికలో లేదు, ఎండ వచ్చాక వచ్చినవాడి పేరుంది. కూలినాలి చేసుకునే కుటుంబాల నుంచి వచ్చిన నా విద్యార్థులకు ఈ కథ చెబితే వ్యాఖ్యానం అక్కరలేకుండానే నవ్వుతారు.

అంతకంటె లోతైన మోసం మరొకటి ఉంది. ఆ పట్టిక టెస్టులను మాత్రమే లెక్కిస్తుంది. ఏ ఆట టెస్టు, ఏది కాదు అని నిర్ణయించినదెవరు? 1909లో లార్డ్స్‌లో పుట్టిన ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్సు. అందులో సభ్యులు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, తెల్లవాళ్ళ దక్షిణాఫ్రికా. వలసదేశంలో నల్లవాడు ఎంత ఆడినా అది ‘టెస్టు’ కాదు, ఎందుచేతనంటే అతడికి ఆ పరీక్ష రాసే హక్కే లేదు. ఆ హక్కు లేని కాలంలో ఆడిన ఇన్నింగ్సు ఆ హక్కు లేనందువల్లనే ఈనాటి పట్టికకూ ఎక్కదు. సామ్రాజ్యం పోయింది, దాని దస్తావేజు మాత్రం చెల్లుతూనే ఉంది.

నేను చెప్పదలచిన ఇన్నింగ్సు అలాంటిది. 1926 డిసెంబరు 1, బొంబాయి జింఖానా మైదానం. ఆ జింఖానాలో సభ్యత్వం యూరపియన్లకే. భారతీయుడు ఆ గడప లోపలికి పోయేది నౌకరుగానే. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుకు ఆర్థర్ గిల్లిగన్ నాయకుడు. ఈ పెద్దమనిషి ఆ రోజుల్లో బ్రిటిష్ ఫాసిస్టుల సంస్థలో సభ్యుడన్న సంగతిని క్రికెట్టు రచయితలు చాలామంది చిన్న అక్షరాలలో రాసి ఊరుకుంటారు. ఎం.సి.సి. 363 చేసింది, గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లతో 130 బాదాడు. మరునాడు హిందూ జట్టు తరఫున కొఠారి కనకయ్య నాయుడు బ్యాటు పట్టుకు వచ్చాడు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టినవాడు. రెండు గంటల లోపల 153. పదకొండు సిక్సర్లు, పదమూడు ఫోర్లు. అంటే 118 పరుగులు బౌండరీల మీదనే వచ్చాయి. తాము అడుగు పెట్టరాని క్లబ్బు కప్పు మీద తమవాడు కొట్టిన బంతి పడడం డేరాల్లో, చెట్ల మీద, మిద్దెల మీద నిలబడి చూసినవాళ్ళకు ఏమనిపించి ఉంటుందో ఊహించడానికి కవి కానక్కరలేదు. హిందూ జట్టు 356 చేసింది, ఆట డ్రా అయింది. ఎం.సి.సి. వారు అతడికి వెండి బ్యాటు బహూకరించారు.

ఇది అత్యుత్తమమైన ఇన్నింగ్సు అంటాను. ఎందుకు? 281 ఓడిపోతున్న జట్టును గెలిపించింది. 153 ఓడిపోవడమే తన తలరాత అనుకునే మనిషికి ఆ రాత అబద్ధమని కళ్ళారా చూపింది. మొదటిది ఒక ఆటలోని బలాబలాలను తారుమారు చేసింది, రెండోది ఆట బయటి బలాబలాలను ప్రశ్నించింది. టెక్నిక్కు కొలిచేవాడు 281ని ఎంచుకుంటాడు. కొలవనీయండి.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మైదానం చిన్నదంటారు. నిజమే, కాని అదే మైదానంలో ఎర్ల్‌కూ అవే కొలతలు. ఈ ఒక్క ఇన్నింగ్సే భారతదేశానికి టెస్టు హోదా తెచ్చిందని కొందరు రాస్తారు. అది అతిశయోక్తి. ఇంపీరియల్ కాన్ఫరెన్సులో ఇండియాకు చోటు ఆ ఏడాది మేలోనే ఒప్పుకున్నారు. అయితే కుర్చీ వేసినంతమాత్రాన విస్తట్లో అన్నం పడదు. దేశంలో ఆటకు ఒక బోర్డు లేదు. ఆ ఇన్నింగ్సు చూసిన గిల్లిగనే, మీరు ఎవరికీ తీసిపోరు, సంస్థ కట్టుకోండి అన్నాడు. 1928లో బోర్డు ఏర్పడింది, 1932లో మొదటి టెస్టు జరిగింది. మూడో అభ్యంతరమే గట్టిది: ఆ జట్టు పేరు ‘హిందువులు’. పాలకులు మతాలవారీగా జనాన్ని చీల్చి ఆడించిన పోటీల నీడలోనే ఆ పరుగులు వచ్చాయి. దీన్ని దాచి నాయుడును జాతీయవీరుణ్ణి చేయడం నిజాయితీ కాదు. ఆ హిందూ జట్టే చర్మకార కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ చేత ఏళ్ళ తరబడి వికెట్లు తీయించుకుని నాయకత్వం మాత్రం ఇవ్వలేదు. అతని తమ్ముడు విఠల్‌కు 1923లో అది దక్కడానికి పెద్ద గొడవే కావలసి వచ్చింది. తెల్లవాడి కప్పు మీద పడిన బంతి మన ఇంటి కప్పు మీదా పడవలసే ఉంది.

ఆ తరువాతి కథ సంస్థానాల గడ్డ మీద పుట్టినవాళ్ళకు వేరే చెప్పాలా? 1932 ఇంగ్లండు పర్యటనకు నాయకుడు పోరుబందరు మహారాజా. బ్యాటుకూ ఆయనకూ దూరపు చుట్టరికం. తన సత్తా తనకు తెలిసి ఆయన టెస్టు నుంచి తప్పుకున్నాడు, అంతవరకు మర్యాదస్థుడు. జూన్ 25న లార్డ్స్‌లో జట్టును నడిపినవాడు నాయుడు. మొదటి ఇన్నింగ్సులో మన జట్టులోకెల్లా ఎక్కువగా 40 చేసిందీ అతడే. నాలుగేళ్ళు తిరిగేసరికి ఏమయింది? 1936లో నాయకత్వం విజయనగరం మహారాజకుమారుడికి పోయింది. డబ్బుతో హాబ్సునూ సట్‌క్లిఫ్‌నూ రప్పించి తన జట్టులో ఆడించుకున్నవాడు నాయకత్వాన్ని మాత్రం ఎందుకు వదులుకుంటాడు? మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు, 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపాడు, పర్యటన ముగియకముందే తాను ‘సర్’ అయ్యాడు. ఇద్దరిదీ తెలుగు మూలమే. ఒకడు బ్యాటుతో వచ్చాడు, ఒకడు సంచితో వచ్చాడు. ‘తెలుగువాడి గొప్ప’ అనే మాటకు అర్థం ఉందో లేదో ఈ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి తేల్చుకోండి. అంతమాత్రాన నాయుడు రాజుల నీడ దాటాడనీ కాదు. హోల్కారు సైన్యంలో కర్నలు హోదా లేకపోతే అతడి ఇంట్లో పొయ్యి రాజేసేదెవరు? గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల చేసిన కవులదీ అదే బతుకు కదా: పద్యం తనది, అగ్రహారం దొరది, కృతిభర్త పేరు ముందు.

గద్వాల ప్రాంతం పేరెత్తాను గనుక మరొక పట్టిక సంగతి చెప్పాలి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాసిన రోజుల్లో, ఈ నడిగడ్డలో బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి, వాదన అనవసరమనుకున్నట్టు, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను ముందుంచాడు. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టినవాడు. నాయుడు 153 కొట్టిన ఏడాదే అది. 1952లో ఈ వనపర్తి ప్రజలే ఆయనను శాసనసభకు పంపారు. పట్టికలో లేనివాడు లోకంలోనే లేడనే మాటకు ఆయన ఇచ్చిన జవాబును క్రికెట్టులో ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

ఇవ్వవలసిన అవసరం ఇక్కడ ఉంది. తెలంగాణ 2014లో రాష్ట్రమయింది. రంజీలో ఆడే జట్టుకు మాత్రం నేటికీ ఒక నగరం పేరే. 281 ఆడడానికి 631 నిమిషాలు కావాలి. అంతకుముందు పదేళ్ళపాటు రోజూ కొన్ని గంటలు కావాలి. లక్ష్మణ్ డాక్టర్ల కొడుకు. అది అతడి తప్పు కాదు, అతడి శ్రమను తగ్గించేదీ కాదు. కాని ఆ గంటలు గద్వాల పిల్లవాడికి ఎవరిస్తారు? సీడు పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గలు గిల్లి మరునాటి పొద్దున పుప్పొడి అద్దే పనికి చిన్న చేతులే కావాలని పిల్లలను బడి మాన్పించి దింపడం ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్ళుగా అందరికీ తెలిసినదే. క్రాసింగు అంటారు దాన్ని. వేల మొగ్గలలో ఒక్కటీ తప్పిపోకుండా గిల్లే వేళ్ళకు, అంత సూటి చూపుకు, బంతి కుట్టు తిరిగే తీరు కనిపెట్టడం కష్టమా? ఆ పని అయిపోయాక వాడి అన్న గుంపు మేస్త్రీ వెంట పూనాకో బొంబాయికో పోతాడు. పాలమూరు లేబరు కట్టని ఆనకట్ట దేశంలో అరుదు అని గర్వంగా చెప్పుకుంటాం. గర్వపడవలసినది అదేనా?

ఆడపిల్ల సంగతి ఇంకొక మెట్టు కింద. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 2002 ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండు మీద 214 చేసింది. వయసు 19. అప్పటికి ప్రపంచంలో ఏ స్త్రీ టెస్టులో అంత చేయలేదు. మహిళల ఆట అప్పటికింకా సంపన్నమైన బోర్డు కిందకు రాలేదు, 2006 దాకా రానూలేదు. ఆటకు చేతికి పైసా రాదు, ప్రయాణం రెండో తరగతి పెట్టెలో. విజ్డెన్ నూటిలో ఆడవాళ్ళకు గది లేదు సరే; మన నాగర్‌కర్నూలు చర్చలలో, మన అభ్యుదయ చర్చలలో, ఆ 214 ఎన్నిసార్లు వచ్చింది?

కనుక వాదం వాదంగానే మిగలకుండా ఒక పని ప్రతిపాదిస్తున్నాను. ఈ మూడు పట్టణాల చుట్టూ పండుగ సెలవుల్లో, ఎండిన చెరువు కట్టల మీద, కళ్ళాలలో, కాలేజీ మైదానాలలో రబ్బరు బంతితో, టేపు చుట్టిన టెన్నిస్ బంతితో జరిగే ఆటలకు లెక్కపుస్తకం లేదు. గెలిచిన జట్టుకు కప్పు, కప్పు ఇచ్చిన నాయకుడికి ఫోటో, అంతటితో సరి. మన ఉపాధ్యాయులు ఈ సంక్రాంతి నుంచి ఒక్కొక్క నోటుబుక్కు పెట్టవచ్చు. ఆడినవాడి పేరు, ఊరు, ఎన్ని పరుగులు, ఎవడి బౌలింగులో, పిచ్చి ఎలా ఉంది. అటుపక్కన ఇంకొక గడి, ఇంట్లోవాళ్ళు ఏం పని చేస్తారు, వీడు ఏ వయసులో ఆట మానేశాడు, ఏ పనికి పోయాడు. ఆడపిల్లలకు వేరే పుస్తకం వద్దు, అదే పుస్తకంలో రాయండి. రాసినవాటిని ఈ పత్రికకు పంపితే అచ్చువేయడానికి సంపాదకులు ఒప్పుకుంటారనే నమ్మకంతో మొదటి నోటుబుక్కు వనపర్తిలో నేను కొంటున్నాను.